బడి నెత్తిన నల్ల చెరువు

డెల్ఫియా టీచర్‌ని పాఠం మధ్యలోంచి బయటికి పంపేసిన రోజు మంగళవారం. డెబ్భై నాలుగో సంవత్సరం, అక్టోబరు నెల. నేను టాలీ ఫోర్క్ బడి వంటగదిలో ఉడికిన చిక్కుడు గింజలు వారుస్తున్నాను. వంటగది కిటికీ నడవాలోకి తెరుచుకుంటుంది. ఎనిమిదో తరగతి గది దానికి సరిగ్గా ఎదురుగా. అందుకే ఇది ఎవరో చెబితే విన్నది కాదు, కళ్లారా చూసింది.

ముందు హెడ్‌మాస్టర్ ప్రూయెట్ వచ్చాడు. ఆయన వెనక కంపెనీ ఆఫీసు నుంచి గ్రీర్ అనే మనిషి. గ్రీర్ చేతిలో ఎవరో పిల్ల రాసిన గీతల కాగితం.

"మిస్ రాట్లిఫ్, మీ సామాన్లు తీసుకోండి," అన్నాడు గ్రీర్.

"పాఠం ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది డెల్ఫియా టీచర్, చాక్‌పీసు కింద పెట్టకుండానే.

"పాఠం అయిపోయింది."

"అది చెప్పడానికి మీరెవరు? మీరు బొగ్గు మనిషి, బడి మనిషి కాదు. ప్రూయెట్ గారూ, మీరు చెప్పండి."

ప్రూయెట్ నేల వైపు చూశాడు. ఆయనా గని కార్మికుడి కొడుకే. వాళ్ల నాన్న, మా నాన్న ఒకే షిఫ్టు. "అయిపోయింది డెల్ఫియా. వెళ్లమ్మా," అన్నాడు, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన గదిలోంచి ఆవిడ ఒక చేతిసంచీతో నడిచి వెళ్లింది. నడవా గోడకి ఏడు ఫోటోలుంటాయి. పైన ఇత్తడి అక్షరాలతో 'మన ఊరి ప్రముఖులు' అని ఉంటుంది. గని పెట్టిన విట్‌కోంబ్, ఆయన కొడుకు, కంపెనీ డాక్టరు, ఒక జడ్జి, ఇద్దరు విద్యాశాఖ పెద్దలు, ఇక్కడ పుట్టి మళ్లీ ఇటు తొంగి చూడని ఒక సైన్యాధికారి. ఏడుగురిలో ఒక్కడి గోళ్లలోనైనా బొగ్గు మసి లేదు. వాళ్ల ముందునుంచే ఆవిడ వెళ్లిపోయింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఎవరూ నిలబడమనలేదు. మధ్యాహ్నం ఆ తరగతిలో ఒక్కరూ పళ్లెం ముట్టలేదు. మొక్కజొన్న రొట్టె అలాగే చల్లారిపోయింది.

ఇదంతా ఒక వ్యాసం వల్ల వచ్చింది. ఊరు పుట్టి అరవై ఏళ్లయిందని జిల్లావాళ్లు పుస్తకం వేయాలనుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఊరి ప్రముఖుల గురించి రాయాలని ఉత్తర్వు. డెల్ఫియా టీచర్ పిల్లలతో అందట, "గోడ మీద ఉన్నవాళ్ల గురించి రాయొద్దు, వాళ్ల గురించి ఇప్పటికే చాలా రాశారు. ఈ ఊరు ఎవరి వల్ల నిలబడిందో ఇంటికెళ్లి అడిగి రాయండి."

పిల్లలు అడిగారు. ఒకడు మంత్రసాని గురించి రాశాడు. ఒకతె పైకప్పు కూలినప్పుడు చేతులతో తవ్వి నలుగురిని బయటికి లాగిన మనిషి గురించి రాసింది. ఓపల్ గెయిన్స్ అనే పదమూడేళ్ల పిల్ల వాళ్ల తాత గురించి రాసింది. ఆ కాగితం టీచర్ తీసుకెళ్లి ఏడో ఫోటో పక్కన గుచ్చింది. మర్నాటికల్లా అది గ్రీర్ చేతిలో ఉంది. అంతకుముందే నేను చదివాను. ఇలా ఉంది:

"మా తాత ఎసా గెయిన్స్ మా ఊరి ప్రముఖుడు. బడి పైన కొండ సందులో ఉన్న కట్ట ఆయన బుల్‌డోజరుతో తోసిందే. అది కట్ట కాదని తాత అంటాడు. అందులో రాయి లేదు, సిమెంటు లేదు. బొగ్గు కడిగాక వాషరీలో మిగిలిన చెత్త కుప్ప పోసి, దాని వెనక ఆ కడిగిన నీళ్లు నింపారు. అడుగున ఊట వస్తోందని తాత ఫోర్‌మన్‌కి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి తాతని ఆ పనిలోంచి తీసేశారు. తాత అబద్ధం చెప్పడు. అందుకే ఆయన ప్రముఖుడు."

రెండేళ్ల కిందట మా రాష్ట్రంలోనే ఇంకో లోయలో ఇలాంటి చెత్తకట్టే తెగి, పొద్దుటి పూట నూరు మందికి పైగా కొట్టుకుపోయారు. మేం రేడియోలో విన్నాం. అయ్యో అనుకున్నాం. తర్వాత లేచి గిన్నెలు తోముకున్నాం. మా బడి పైన కూడా అలాంటిదే ఉందని తెలియక కాదు. అప్పటికి నాకు యాభై ఒక్కేళ్లు. మొగుణ్ణి బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో పూడ్చిపెట్టి నాలుగేళ్లయింది. ఒంట్లో ఓపిక లేదు. ఓపిక లేనివాళ్లు తెలిసింది కూడా తెలియనట్టే బతుకుతారు. ఆ సంగతి కంపెనీకి బాగా తెలుసు.

శనివారం డెల్ఫియా టీచర్ మా ఇంటికొచ్చింది. పక్కన ఎసా భార్య, ఓపల్ నాయనమ్మ లూవెనియా. లూవెనియా వాళ్లది ఎగువ క్యాంపు, నల్లవాళ్ల ఇళ్లు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ వంటింట్లో నేను కూర్చోలేదు.

"కొండెక్కి చూద్దాం వెర్లీ," అంది టీచర్.

"చూసి ఏం చేస్తాం?"

"ముందు చూద్దాం. చెయ్యాల్సింది తర్వాత."

ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. నాలుగుచోట్ల కూర్చున్నాను. పైకి వెళ్లేసరికి ఇటు కొండకీ అటు కొండకీ మధ్య నల్లటి చెరువు. అల లేదు, పిట్ట లేదు. తారు పోసి ఆరబెట్టినట్టు ఉంది. ఇటువైపు బూడిద రంగు కుప్ప, దాని అడుగున వేలంత లావు ఊట.

"తేటగా వస్తే భయం లేదన్నాడు ఎసా," అంది లూవెనియా. "నల్లగా వస్తే కుప్ప లోపల్నుంచి కరిగిపోతోందని అర్థమట."

అరచేతిలో పట్టి చూపించింది. నల్లగా ఉంది.

"బడి ఎక్కడ?" అని అడిగాను. దిక్కు తెలియలేదు.

"నీ కాళ్ల కిందే. తొంగి చూడు."

చూశాను. నా వంటగది పొగగొట్టం కనిపించింది. ఆ గొట్టం కింద రోజూ నూట నలభై మంది పిల్లలు అన్నం తింటారు. దిగేటప్పుడు ముగ్గురం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో మీటింగు పెట్టాం. డెబ్భై మంది దాకా వచ్చారు. ఎగువ క్యాంపు వాళ్లు వెనక వరసల్లో కూర్చున్నారు, అలవాటుగా. యూనియన్ ప్రెసిడెంటు నా తమ్ముడే, ఓర్బీ. వాడే ముందు లేచాడు.

"కట్ట సంగతి నాకు తెలీదనుకోకండి. ఫిర్యాదు రాసిచ్చాను."

"ఎప్పుడు?" అని అడిగింది డ్రీమా. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, నోరు పెద్దది.

"ఆగస్టులో."

"ఏమన్నారు?"

"పరిశీలిస్తున్నారు."

"నీళ్లు కూడా పరిశీలిస్తున్నాయా, ఓర్బీ మామా? జవాబొచ్చేదాకా ఆగుదామనుకుంటున్నాయా?"

జనం నవ్వారు. ఓర్బీ మొహం ఎర్రబడింది. "నవ్వండి. పని ఆపబోమని ఒప్పందం మీద సంతకం పెట్టింది నేను. మధ్యలో పని ఆపితే జడ్జి యూనియన్ని ముక్కలు చేస్తాడు. మీకు అదేం పట్టదు."

వెనకనించి డెంజిల్ అనే కార్మికుడు అరిచాడు. "అసలు ఆ చెరువు ఆపించి వాషరీ మూయిస్తే తిండెక్కడిదే? పిల్లల్ని కొండల్లో ఆకులు మేపుతారా? ఆ టీచరుకి మొగుడా పిల్లలా! ఊరికే ఉండలేక మనకి చిచ్చు పెడుతోంది."

"నాకు నూట నలభై మంది పిల్లలు డెంజిల్," అంది డెల్ఫియా టీచర్. "అందులో నీవాళ్లు ముగ్గురు. నువ్వు కూడా ఒకప్పుడు నా పిల్లాడివే. అప్పుడూ వినేవాడివి కాదు."

మళ్లీ గోల. కంపెనీ లేకపోతే ఊరే లేదని ఒకడు. ఊరు కొట్టుకుపోతే కంపెనీ ఏం చేసుకుంటుందని ఒకతె. ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు. అప్పుడు లూవెనియా లేచింది. నల్ల క్యాంపు మనిషి మా మీటింగులో లేచి మాట్లాడటం అదే మొదలు.

"ఎగువ క్యాంపులో మాకూ ఒక బడి ఉండేది," అంది. గొంతు పెంచలేదు. "యాభై ఆరులో మూశారు. నల్లా తెల్లా కలిపి చదివిస్తామన్నారు. మంచిదే. కానీ మా టీచర్లు ఐదుగురిలో ఒక్కరికీ మీ బడిలో కుర్చీ వెయ్యలేదు. మా హెడ్‌మాస్టర్ హోరెస్ గారు రెండు కాలేజీలు చదివినాయన. ఆయన చేతికి చీపురిచ్చి మీ నడవా ఊడ్పించారు. చచ్చేదాకా ఊడ్చాడు. ఆ ఏడు ఫోటోల మీద దుమ్ము తుడిచింది ఆయనే. ఆ రోజు మీలో ఒక్కరూ మా గుమ్మంలోకి వచ్చి ఇది తప్పు అన్లేదు. నేను మర్చిపోలేదు. మర్చిపోను."

నేను తల వంచుకున్నాను. ఆ రోజు వెళ్లనివాళ్లలో నేనూ ఉన్నాను.

"అయినా వచ్చాను. ఎందుకో తెలుసా? మీ మీద ప్రేమతో కాదు. నా మనవరాలి బల్ల, డెంజిల్ కూతురి బల్ల ఒకే వరసలో ఉన్నాయి. నీళ్లొస్తే తెల్లపిల్ల, నల్లపిల్ల అని అడిగి తీసుకుపోవు. రేపట్నించి నా పిల్లని ఆ బడికి పంపను. మీరు పంపుతారో లేదో మీ ఇష్టం."

కూర్చుంది. పిల్లల్ని పంపనివాళ్లు చేతులెత్తమంటే ముప్ఫై ఒక్క ఇళ్లవాళ్లు ఎత్తారు. మిగతావాళ్లు టోపీలు పెట్టుకుని వెళ్లిపోయారు. మెట్ల దగ్గర ఓర్బీ నన్ను పట్టుకున్నాడు.

"అక్కా, నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ. నువ్వు ప్రెసిడెంటువి కదరా. ఎవరికి?"

ఓర్బీ చర్చి మెట్ల మీద నిలబడి చాలాసేపు సిగరెట్టు కాల్చాడు.

అలా మొదలైంది. చర్చి హాల్లో డెల్ఫియా టీచర్ పాఠం చెప్పేది. ఒకే గదిలో ఎనిమిది తరగతులు. నేను వెనక పొయ్యి మీద వండేదాన్ని. బడి ఉద్యోగం రెండో రోజే పోయింది. కబురు కూడా పంపలేదు, వంటగదికి కొత్త తాళం వేశారంతే. అరవై ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టాం. వారం తిరక్కుండా కోర్టు కాగితాలొచ్చాయి. పిల్లల్ని బడికి పంపని తల్లిదండ్రుల్ని జైల్లో పెడతామని. దాంతో నలభై అయ్యారు. వాషరీ పనివాళ్లని ఒక్కొక్కర్నీ ఆఫీసుకి పిలిచి మాట్లాడారు. ముప్ఫై అయ్యారు.

పోరాటం అంటే జెండాలు, నినాదాలు అనుకుంటారు మీరు, చదువుకునే పిల్లలు. నాకు గుర్తున్నది తడి చెక్కల పొగ. జలుబు చేసిన పిల్లల ముక్కులు. ఇంటింటికీ తిరిగి బంగాళాదుంపలు అడుక్కోవడం. నిన్నటిదాకా మనతో ఉన్న మనిషి ఇవాళ తలుపు సందులోంచి, "వెర్లీ అత్తా, ఏమీ అనుకోకు, మావాడు పిల్లల్ని బడికే పంపమన్నాడు," అని తలుపు వేసెయ్యడం. నేనేం అనుకోలేదు. అనుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

నవంబరు మూడో వారంలో వాన పట్టుకుంది. మూడు రోజులు ఆగలేదు. ఎసా ఊపిరి ఆడక మంచం మీదున్నాడు. అయినా మనిషిని పంపి ఊట చూడమన్నాడు. డ్రీమా వెళ్లి చూసొచ్చింది. వేలంత ఊట చెయ్యంత అయింది. హెడ్‌మాస్టర్‌కి చెప్పాం. ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. భయం లేదు, బడి నడపమంది కంపెనీ.

"నూట పది మంది ఇంకా ఆ గదుల్లోనే ఉన్నారు," అంది లూవెనియా. "మన పిల్లల్ని దాచుకుని కూర్చుంటే ఎలా?"

మర్నాడు పొద్దున్నే పదకొండు మంది ఆడవాళ్లం వెళ్లి బడి మెట్ల మీద కూర్చున్నాం. వానలోనే. చేయీ చేయీ పట్టుకుని, ద్వారానికి అడ్డంగా. పిల్లలు బస్సులు దిగి చూస్తూ నిలబడ్డారు. ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదు. హెడ్‌మాస్టర్ ప్రూయెట్ లోపల్నించి తలుపు తీసి, మమ్మల్ని చూసి, మళ్లీ తలుపు వేసుకున్నాడు. పోలీసులకి ఫోన్ చేసింది ఆయన కాదని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం. పిల్లల్ని ఇళ్లకి పంపించేశారు. ఇక లేద్దాం అనుకుంటుంటే పోలీసులొచ్చారు, జడ్జి కాగితంతో. ముందున్నవాడు వేన్. ఎనిమిదేళ్లు నా చేతి వంట తిన్నవాడు.

"వెర్లీ అత్తా, లేవండి. నన్ను ఇబ్బంది పెట్టకండి."

"లేవడం నాకు కష్టం నాయనా. నువ్వే లేపు."

లేపాడు. చంకల కింద చేతులు వేసి, జాగ్రత్తగానే. లూవెనియాని మాత్రం ఇంకొకడు జుట్టు పట్టి లాగాడు. ఆవిడ మోకాళ్లు మెట్లకి కొట్టుకుని చీరుకుపోయాయి. డెల్ఫియా టీచర్ వాడి చెయ్యి పట్టుకుని, "నీ పేరేంటి? ఎవరి దగ్గర చదివావు?" అని అడిగింది. వాడు ఆవిడకి కూడా బేడీలు వేశాడు.

పదకొండు మందికి కార్లు చాలలేదు. బడి పసుపు బస్సులోనే ఎక్కించారు. జైలున్న ఊరికి దారి గని గేటు ముందునుంచే పోతుంది. మూడు గంటలకి షిఫ్టు మారే వేళ. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు తలలకి దీపాలు, చేతుల్లో గుండ్రటి అల్యూమినియం తిండి డబ్బాలతో రోడ్డు దాటుతున్నారు. బస్సు ఆగింది. కిటికీల్లోంచి మేం కనబడ్డాం. డ్రీమా జుట్టు తడిసి ముద్దయింది. లూవెనియా మోకాళ్ల నించి రక్తం కారుతోంది.

రోడ్డు మీద నడుస్తున్నవాళ్లు నడవడం మానేశారు.

"తప్పుకోండి," అని అరిచాడు వేన్.

ఓర్బీ ముందుకొచ్చాడు. నా కిటికీ దగ్గరికొచ్చి నన్ను చూశాడు. తర్వాత లూవెనియాని చూశాడు, ఆవిడ మోకాళ్లు చూశాడు. డబ్బా మూత తీశాడు, పైగిన్నె ఎత్తాడు, అడుగున ఉన్న నీళ్లు రోడ్డు మీద పారబోశాడు.

మా గనుల్లో తాగే నీళ్లు లేకుండా ఎవడూ కిందికి దిగడు. నీళ్లు పారబోశాడంటే ఇవాళ పని లేదని. సమ్మె అని ఎవరూ అనక్కర్లేదు. ఎవరూ అనని మాటకి జడ్జి ఎవరిని శిక్షిస్తాడు?

ఓర్బీ పక్కవాడు పారబోశాడు. వాడి పక్కవాడు పారబోశాడు. కాసేపు మూతల చప్పుడు, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివర్న డెంజిల్ ఉన్నాడు. డబ్బా పట్టుకుని అటూ ఇటూ చూశాడు. మూత తియ్యడానికి వాడికి చాలాసేపు పట్టింది. "ఛీ, నా బతుకు," అన్నాడు గట్టిగా. వాడూ పారబోశాడు.

ఎవరూ రోడ్డు మీంచి కదల్లేదు. బస్సు గంటసేపు అక్కడే ఉంది. "కాస్త జరుగు వెర్లీ, కాళ్లు చాపుకోవాలి," అంది లూవెనియా. జరిగాను. నా భుజం మీద తల పెట్టి పడుకుంది.

తొమ్మిది రోజులు జైల్లో ఉన్నాం. నాలుగో రోజుకి పక్క లోయలో రెండు గనుల్లో కూడా నీళ్లు పారబోశారు. అప్పుడు కదిలింది ప్రభుత్వం. ఇంజనీర్లు వచ్చి కొండెక్కి చూశారు. దిగేటప్పుడు వాళ్లూ మాట్లాడలేదట. చెరువులో నీళ్లు పంపులు పెట్టి సగానికి తోడించారు. బడి ఖాళీ చేయించారు. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలని వెతికితే, నీళ్లు అందనంత ఎత్తులో పిల్లలంతా పట్టే కట్టడం ఊరంతటికీ ఒకటే దొరికింది. ఎగువ క్యాంపులో పద్దెనిమిదేళ్లుగా మూసి ఉన్న నల్లపిల్లల బడి. కంపెనీ అందులో తీగల చుట్టలు, సున్నం బస్తాలు పెట్టుకుంది. ఊరంతా కలిసి ఊడ్చాం. డెంజిల్ పైకప్పు రేకులు వేశాడు. ఓపల్, డెంజిల్ కూతురు కలిసి కిటికీలు కడిగారు.

గెలిచామంటారు కొందరు. నేను లెక్క అలా వేసుకోను. కట్ట ఇంకా అక్కడే ఉంది, కాస్త పొట్టిదైంది. డెల్ఫియా టీచర్‌కి ఉద్యోగం తిరిగివ్వలేదు. నాకూ ఇవ్వలేదు. ఓర్బీని వాషరీకి మార్చారు, ప్రెసిడెంటుగా దింపాలని చూశారు, కార్మికులు దింపలేదు. ఎసా జనవరిలో పోయాడు. ఆయన్ని మోసినవాళ్లలో సగం మంది తెల్లవాళ్లు. అది నా ఊళ్లో నేను చూస్తాననుకోలేదు. ఖాళీ బడి నడవాలో ఆ ఏడుగురు అలాగే వేలాడుతున్నారు. చూసేవాళ్లు లేరు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం లూవెనియా వంటింట్లో కూర్చుని ఉన్నాం. నేను, ఆవిడ, డెల్ఫియా టీచర్. ముగ్గురికీ ఒంట్లో సత్తువ లేదు. జైలు తేమకి టీచర్‌కి పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు. ఈ ఏడాది ఇక ఏ మీటింగూ వద్దు, కాస్త పడుకుందాం అనుకుంటున్నాం. తలుపు చప్పుడైంది. నలుగురు ఆడవాళ్లు. కొండ అవతలి లోయ నుంచి బురదలో నడిచొచ్చారు. ఎవరూ మాకు తెలియదు. కూర్చోమంటే కూర్చోలేదు.

వాళ్లలో పెద్దావిడ అడిగింది. "నీళ్లు పారబోయించిన ఆడవాళ్లు మీరేనా?"

"మేం మెట్ల మీద కూర్చున్నాం అంతే," అంది లూవెనియా. "పారబోసింది వాళ్లు."

"మా బడి పైన కూడా ఒకటుంది. కిందటి నెల నించి ఊట వస్తోంది. మావాళ్లు ఫిర్యాదు రాసిచ్చారు."

"ఏమన్నారు?"

"పరిశీలిస్తున్నారట."

లూవెనియా నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆ నలుగురూ వెళ్లిపోతే బాగుండుననిపించింది.

"ఊట ఏ రంగులో ఉంది?" అని అడిగింది డెల్ఫియా టీచర్, దగ్గు మధ్యలో.

"నల్లగా."

"ఎంతమంది పిల్లలు?"

"రెండు వందల పదకొండు."

లూవెనియా లేచి నలుగురికీ కాఫీ పోసింది. నేను మిగిలిన రొట్టె గుడ్డలో మూట కట్టాను, దారిలో తినడానికి. డెల్ఫియా టీచర్ అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది.